బ్రౌన్ రంగు చూసి పొంగిపోకు

ఒసే పిల్లా,

నువ్వు పీహెచ్‌డీలో చేరావట. పిండం ఎదిగేటప్పుడు పనిచేసే ప్రొటీన్లు క్యాన్సర్ కణుతుల్లో ఎక్కడున్నాయో వెతుకుతావట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగానే ఉంది, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ప్రొటీన్ ఉన్నచోట బ్రౌన్ రంగు తెప్పించే డాబ్ రసాయనాన్ని గ్లౌజులు లేకుండా ముట్టుకోకు. జైలీన్ అనే ద్రావకం సీసా మూత తెరిచి ఉంచకు. ఇవి అక్కడ ఎవరైనా చెబుతారు.

నేను చేసిన వెధవపని విను. కొత్తలో లివర్ కణితి ముక్కల్లో బీటా కెటెనిన్ అనే ప్రొటీన్ కోసం వెతికాను. మామూలుగా అది కణం పొర దగ్గర ఉంటుంది. కణాల్ని పెరగమని చెప్పే వింట్ సంకేతం అదుపు తప్పితే లోపల పోగుపడి, న్యూక్లియస్‌లోకి కూడా చేరుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టగానే కణాల నిండా బ్రౌన్! పరుగెత్తుకెళ్లి మా సార్‌కి చూపించాను. ఆయన ఒక్కటే అడిగారు, "యాంటీబాడీ వెయ్యని స్లైడ్ ఏదమ్మా?" అని. ప్రొటీన్‌ని వెతికి పట్టుకునేది యాంటీబాడీయే; అది వెయ్యని స్లైడ్‌లో బ్రౌన్ రాకూడదు, అదే కంట్రోల్. నేనది చెయ్యలేదు. ఆఖరి బస్సు తప్పిపోతుందని ఆ ఒక్కటీ మానేశాను. మర్నాడు చేస్తే అదీ అంతే బ్రౌన్. లివర్‌లో సహజంగానే బయోటిన్ అనే విటమిన్ బోలెడు. ముక్కల్ని కుక్కర్లో ఉడికిస్తాం కదా, అప్పుడది బయటపడుతుంది. రంగు కోసం మేం వాడిన అవిడిన్‌కి బయోటిన్ అంటే ప్రాణం, అది పోయి దానికే అతుక్కుంది. నేను మురిసిపోయింది ఒక విటమిన్‌ని చూసి! మూడు నెలల పని మట్టిపాలు. ఆ రాత్రి మీ నాన్నమ్మ ఏమీ అడక్కుండా పెరుగన్నం కలిపి పెట్టింది. ఇప్పటికీ ఆ బ్రౌన్ కలలోకి వస్తుంది.

ఇంకో భయం. ప్రొటీన్ నిజంగానే కనబడిందనుకో, వెంటనే దాన్ని దొంగని చెయ్యకు. పేగు లోపలి గుంతల అడుగున ఉండే మూలకణాలకు వింట్ రోజూ కావాలి. జుట్టు మొలవాలంటే హెడ్జ్‌హాగ్ అనే ఇంకో సంకేతం కావాలి. హెడ్జ్‌హాగ్‌ని ఆపే విస్మోడెగిబ్ అనే మందుకి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ చాలామందిలో తగ్గింది, కానీ జుట్టు రాలింది, నోటికి రుచి పోయింది, కండరాలు పట్టేశాయి. అందుకే కణితి పక్కన అదే అవయవపు మామూలు ముక్క లేకుండా ఒక్క మాట రాశావో, చెవి మెలేస్తాను.

తొలి స్లైడ్ ఫొటో పంపు. పక్కన కంట్రోల్ లేకపోతే ఫోన్ ఎత్తను. సరేలే, ఎత్తుతాను. సున్నుండలు చేసి మీ నాన్నకిచ్చాను. హాస్టల్లోనే తిను, ల్యాబ్‌లోకి పట్టుకెళ్లకు.

మీ అత్త