ఒకే కేబుల్‌పై రెండు హార్డ్ డిస్కులు

ప్రశ్న: మా పాత 486 కంప్యూటర్లో డాస్ 6.22, విండోస్ 3.1 ఉన్నాయి. 420 ఎంబీ డిస్కును సి, డి అని రెండు భాగాలు చేశాం. అదే కేబుల్‌కు 1.2 జీబీ డిస్కు తగిలిస్తే మొదట రెండూ కనబడలేదు. జంపర్లు (డిస్కు పిన్నులపై తొడిగే చిన్న బిళ్లలు) మార్చాక కనబడ్డాయి గానీ, డి లోని ప్రోగ్రాములు తెరుచుకోవడం లేదు. పైగా కొత్త డిస్కు 504 ఎంబీయే చూపిస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ డి ఎక్కడికీ పోలేదండీ, ఇప్పుడది ఇ అయింది. డాస్ ముందు రెండు డిస్కుల ప్రైమరీ విభాగాలకు వరసగా సి, డి ఇచ్చి, ఆ తర్వాతే లాజికల్ డ్రైవ్‌ల (ఎక్స్‌టెండెడ్ అనే మరో రకం విభాగంలో చేసే డ్రైవ్‌ల) దగ్గరికి వస్తుంది. కొత్త డిస్కులో మీరు ప్రైమరీ చేశారు కాబట్టి అది మధ్యలో దూరింది. విండోస్ అమరికలుండే ఐఎన్ఐ ఫైళ్లన్నీ తెరిచి దారులు దిద్దే పని పెట్టుకోకండి. రెండో డిస్కులో ప్రైమరీయే లేకుండా చేస్తే పాత అక్షరాలు వాటంతటవే వెనక్కి వస్తాయి.

అయితే విభాగాలు చేసేముందు 504 సంగతి తేల్చుకోవాలి. పాత బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కులను గుర్తించే, చిప్‌లోని ప్రోగ్రాము) 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు దాటి లెక్కపెట్టలేదు. వాటిని 512 బైట్లతో గుణిస్తే వచ్చేది సరిగ్గా 504 ఎంబీ. బయాస్ సెటప్‌లో ఎల్‌బీఏ (సెక్టార్లను వరస అంకెలతో లెక్కపెట్టే పద్ధతి) ఉంటే రెండో డిస్కుకు మాత్రమే పెట్టండి, మొదటిదాని అంకెలు ముట్టుకోవద్దు. ఎల్‌బీఏ లేకపోతే పాత కంప్యూటర్లకు పెద్ద డిస్కులను చూపించే ఎక్స్‌టీ-ఐడీఈ యూనివర్సల్ బయాస్ అనే ప్రోగ్రాము రాసిన చిప్‌ను పాత నెట్‌వర్క్ కార్డు బూట్ రోమ్ (ROM) సాకెట్లో పెట్టడం మంచి మార్గం.

కొత్త డిస్కులో రాసుకున్నవి వేరేచోట దాచుకోండి, ఇకపై అవి చెరిగిపోతాయి. విభాగాలు చేసే డాస్ ప్రోగ్రాము ఎఫ్‌డిస్క్‌లో 5 నొక్కి 2వ డిస్కు ఎంచుకోండి. ప్రతి తెరపైనా డిస్కు అంకె 2 అనే ఉందా చూసుకోండి; 1 ఉండగా చెరిపితే పోయేది మీ అసలు డిస్కే. 3తో ప్రైమరీ తొలగించి, 1లో 2 ఎంచుకుని మొత్తం స్థలాన్ని ఎక్స్‌టెండెడ్ చేయండి. తర్వాత లాజికల్ డ్రైవ్‌లు. ఒక్కోటి 500 ఎంబీకి మించనివ్వకండి: 512 ఎంబీ లోపు క్లస్టర్ (ఒక ఫైలుకు ఇచ్చే కనీస స్థలం) 8 కేబీ, 1024 ఎంబీ దాటితే 32 కేబీ. రెండు కేబీల ఉత్తరానికి కూడా 32 కేబీ పోవడం ఇంత చిన్న డిస్కులో భరించలేం. రీబూట్ చేసి ఇ నుంచి ఫార్మాట్ చేయండి.

మొదట రెండూ కనబడకపోవడానికి కారణం జంపరే. ఒకే కేబుల్‌పై మొదటి డిస్కును మాస్టర్, రెండోదాన్ని స్లేవ్ అంటారు. కొన్ని డిస్కులకు 'ఒంటరి', 'స్లేవ్ ఉన్న మాస్టర్' అని రెండు వేర్వేరు అమరికలుంటాయి. పాత వెస్టర్న్ డిజిటల్ కేవియర్ డిస్కుల్లో ఒంటరిగా ఉంటే జంపర్ అక్కర్లేదు, మాస్టర్‌కు 5-6 పిన్నులపై, స్లేవ్‌కు 3-4 పిన్నులపై పెట్టాలి. లేబుల్‌తో సరిచూసుకోండి. కేబుల్ 18 అంగుళాలు మించకూడదు, ఎర్ర చార ఒకటో పిన్ను వైపు ఉండాలి.

ప్రశ్న: ఫ్లాపీ డ్రైవ్ స్క్రూలు హార్డ్ డిస్కుకు పట్టడం లేదు. ఎందుకు?

జవాబు: మర వేరు. హార్డ్ డిస్కుకు ముతక మర 6-32, ఫ్లాపీకి సన్న మర ఎం3. బలవంతంగా తిప్పితే డిస్కు పక్కనున్న రంధ్రం మర అరిగిపోతుంది.