తనఖా పేరుతో అమ్మకం కాగితం మీద సంతకం పెట్టకు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

అప్పులు సరిగా కడతామో లేదో బ్యాంకులకు చెప్పే సిబిల్ స్కోరు పడిపోయిందని, ఇక బ్యాంకు గుమ్మం ఎక్కడం దండగని, పక్క ఊరి ఆయన నీ పొలం మీద మూడు రూపాయల వడ్డీకి అయిదు లక్షలు ఇస్తానన్నాడని రాశావు. ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాశాను. వడ్డీ కట్టలేక భూమి పోగొట్టుకున్నవాళ్ల కంటే, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియక పోగొట్టుకున్నవాళ్లనే ఎక్కువ చూశాను. అప్పిచ్చేవాడు నమ్మకం కోసమంటూ విక్రయ అగ్రిమెంటు, మన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే జీపీఏ రాయమంటాడు. కొందరు ఏకంగా అమ్మకం దస్తావేజే రిజిస్టరు చేయించుకుంటారు. బాకీ తీరగానే తిరిగి రాసిస్తామని నోటిమాట, మహా అయితే ఒక విడి కాగితం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో ఉండాలి. లేకపోతే అది తనఖా కింద లెక్కకు రాదు, అమ్మకమే అవుతుంది. ఈలోగా అతను మూడో మనిషికి అమ్మేస్తే నీకు మిగిలేది కోర్టు మెట్లే. తనఖా అని రాసి రిజిస్టరు చేస్తే మాత్రం, బాకీ చెల్లించి భూమి విడిపించుకునే హక్కు నీకుంటుంది.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. అయిదు లక్షలకు 1,80,000, అసలు అలాగే ఉంటుంది. నీ రెండెకరాల్లో అంత మిగిలిన సంవత్సరం ఒక్కటైనా ఉందా?

ముందు నీ సిబిల్ నివేదిక తెప్పించుకో. ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు. తీరిపోయిన బండి అప్పు ఇంకా బాకీగానే కనబడుతుందేమో చూడు. అలా ఉంటే బాకీ లేదన్న పత్రం జతచేసి ఫిర్యాదు పెట్టు, ముప్ఫై రోజుల్లో సరిచేయాలి. బంగారం మీద అప్పుకు స్కోరును అంతగా పట్టించుకోరు. అమ్మాయి గాజులు అడగడానికి నీకు మొహమాటంగా ఉంటుందని తెలుసు, అయినా గాజులు మళ్లీ కొనుక్కోవచ్చు, నాన్న దున్నిన పొలం రాదు. పంట రుణమైతే 2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా బ్యాంకులు తాకట్టు అడగకూడదు. అదీ అడిగి చూడు.

ఇల్లు తాకట్టు పెడదామన్న ఆలోచన కూడా రాశావు. కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చేది సర్ఫేసీ చట్టం. సాగుభూమిని దాని కింద జప్తు చేయలేరు కాబట్టి బ్యాంకులు పొలం కంటే ఇంటికే సులువుగా ఇస్తాయి. ఆ రక్షణ ఇంటికి లేదు. వాయిదాలు తప్పితే మీ అమ్మ ఏ వసారాలో పడుకుంటుంది? నా మనసు ఒప్పుకోవడం లేదు.

బ్యాంకులో ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తీర్చేస్తే, ముప్ఫై రోజుల్లో పత్రాలు తిరిగి ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు నీకు కట్టాలి. ఆ తర్వాత ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఈసీ తీసి, తనఖా రద్దయినట్టు నమోదైందో లేదో చూసుకో.

ఆయన రాయించిన ముసాయిదా ఏదైనా సరే, సంతకం పెట్టకముందే నాకు పంపు. ఆదివారం నేనే వస్తాను, పట్టాదారు పాసు పుస్తకం అంతవరకు ఎవరి చేతికీ ఇవ్వకు.

బాబాయి