ఐదుగురూ బలవంతులే, అయినా ఓటమి ఎందుకు?

గేమింగ్ ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ. బీటెక్ మూడో సంవత్సరం. ఈమధ్య యూనికార్న్ ఓవర్‌లార్డ్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టాను. అలైన్, జోసెఫ్, క్లైవ్, ట్రావిస్, స్కార్లెట్ అనే వీరుల్ని ఒకే యూనిట్‌లో (చిన్న జట్టులో) పెట్టి, దొరికిన మంచి ఆయుధాలన్నీ వాళ్లకే ఇచ్చాను. కోర్నియా రాజ్యంలో నాకు ఎదురే లేదు. డ్రేకెన్‌హోల్డ్ రాజ్యంలో అడుగుపెట్టాక మాత్రం ఎగిరే సైనికుల చేతిలో చావుదెబ్బలు తింటున్నాను. వెనక్కి వెళ్లి లెవెల్స్ పెంచుకుని రావాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. నీ తిప్పలకి లెవెల్ కారణం కాదు.

ముందు, ఈ ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. జపాన్‌కి చెందిన వెనిల్లావేర్ తయారుచేస్తే అట్లస్ సంస్థ 2024 మార్చిలో విడుదల చేసింది. 60 మందికి పైగా వీరులు ఉంటారు. ఒక్కో యూనిట్‌లో ఐదుగురి దాకా పెట్టొచ్చు. ముందు వరుసలో మూడు స్థానాలు, వెనక వరుసలో మూడు. రెండు యూనిట్లు ఢీకొన్నాక మనం చేసేదేమీ ఉండదు. ఎవరు ఎప్పుడు ఏ స్కిల్ వాడాలో షరతులుగా ముందే రాసిపెట్టాలి. వాళ్లు దాని ప్రకారమే కొట్టుకుంటారు.

ఇక నీ యూనిట్ చూద్దాం. జోసెఫ్, క్లైవ్ ఇద్దరూ గుర్రాల మీద ఉన్నారు. గ్రిఫన్ (రెక్కలున్న కల్పిత జంతువు) మీద వచ్చేవాళ్లకి గుర్రపు దళాన్ని పడగొట్టడమే పని. పైగా నేలమీద నిలబడి కత్తితోనో ఈటెతోనో కొడితే ఎగిరేవాళ్లకి సరిగా తగలదు, గురి సగానికి పడిపోతుంది. వాళ్లని దించాలంటే విల్లు కావాలి. నీ ఐదుగురిలో ఒక్కరి చేతిలోనూ విల్లు లేదు! రోల్ఫ్ అనే వేటగాడు కోర్నియాలోనే మనతో కలుస్తాడు. బహుశా నువ్వు అతన్ని పక్కన కూర్చోబెట్టి ఉంటావు. ఇవాళే బయటికి తియ్యి.

రోల్ఫ్‌ని ఆ ఐదుగురిలో దూర్చమని కాదు, అతన్ని వేరే యూనిట్‌కి లీడర్‌ని చెయ్యి. విలుకాడు లీడర్‌గా ఉన్న యూనిట్ దగ్గరలో ఉంటే, పక్క యూనిట్ చేసే పోరుకి కూడా బాణాలతో సాయం అందుతుంది. చాలామంది లీడర్ అంటే జెండా పట్టుకునే మనిషి అనుకుంటారు కానీ, యూనిట్ మైదానంలో ఎలా కదలాలో, పక్కవాళ్లకి ఏ సాయం చేయగలదో లీడర్ తరగతిని (అంటే విలుకాడా, గుర్రపు యోధుడా అన్నదాన్ని) బట్టే ఉంటుంది. గుర్రపు యోధుడు లీడర్ అయితే యూనిట్ వేగంగా పోతుంది.

మంచి ఆయుధాలన్నీ ఒకే యూనిట్‌కి ఇవ్వడం కూడా నీకు చేటు చేస్తోంది. పోరాడిన ప్రతిసారీ యూనిట్ స్టామినా తగ్గుతుంది. అది అయిపోతే విశ్రాంతి తీసుకోక తప్పదు. ఆ సమయంలో ముందుకి పంపడానికి నీ దగ్గర మరో గట్టి యూనిట్ లేదు. ఆట మొత్తం మీద 10 యూనిట్ల దాకా తయారు చేసుకోవచ్చు. నేనైతే ప్రతి యూనిట్‌కీ ఒక్కటే పని పెడతాను. ఈ ఆటలో నాకు బాగా నచ్చింది కూడా ఇదే.

ఉదాహరణకి, బరువైన కవచాలు వేసుకుని వచ్చేవాళ్ల కోసమే నేనొక యూనిట్ ఉంచాను. ముందు వరుసలో హోడ్రిక్, క్లైవ్. వెనక వరుసలో యానా, స్కార్లెట్. యానా మంత్రగత్తె. పక్కవాడు ఆయుధం ఎత్తగానే తన పాసివ్ పాయింట్ (సందర్భం రాగానే దానంతటదే పనిచేసే స్కిల్‌కి అయ్యే ఖర్చు) ఒకటి ఖర్చుపెట్టి ఆ దెబ్బకి మంత్రశక్తి జోడిస్తుంది. కవచం ఇనుప దెబ్బని ఆపగలదు, మంత్రాన్ని ఆపలేదు. క్లైవ్‌కి వరుస మొత్తాన్ని ఒకేసారి కొట్టే స్కిల్ వచ్చాక చూడు. యానా ఆ ఒక్క పాయింట్‌తో జోడించిన మంత్రశక్తి వరుసలో ఉన్న వాళ్లందరికీ తగులుతుంది. విడిగా చూస్తే వీళ్లలో ఎవరూ నీ జోసెఫ్ కన్నా గొప్పవాళ్లు కారు.

హోడ్రిక్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. డాలు అడ్డం పెట్టి తోటివాళ్లని కాపాడే స్కిల్‌ని షరతు లేకుండా వదిలేస్తే, అతను మొదట పడిన చిన్న దెబ్బకే పాయింట్లు తగలేస్తాడు. అసలు దెబ్బ యానా మీద పడేసరికి చేతిలో ఏమీ ఉండదు. వెనక వరుసలో ఉన్నవాళ్ల కోసం మాత్రమే వాడమని షరతు రాయి. పాసివ్ పాయింట్ ఒకటి పెంచే లాకెట్ దొరికితే అది హోడ్రిక్ మెడలోనే ఉండాలి.

ప్రశ్న: మాది కరీంనగర్. మా బాబు తొమ్మిదో తరగతి. మీరు రాసే ఇలాంటి ఆటే ఆడుతుంటాడు. టీవీలో బొమ్మలు వాటంతటవే కొట్టుకుంటుంటే వీడు చూస్తూ కూర్చుంటాడు. ఇందులో ఆడేదేముంది? పైగా ఇలాంటి వాటిలో బోలెడు డబ్బు పోతుందని మా ఆఫీసులో చెప్పారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, బాబు ఆడుతున్నది కూడా యూనికార్న్ ఓవర్‌లార్డే అయితే డబ్బు గురించి దిగులు వద్దు. ఒకసారి కొంటే అంతే, లోపల డబ్బు కట్టి వీరుల్ని లాటరీలో తీసుకునే పద్ధతి లేదు. ఫోన్లో ఆడే ఈ రకం ఆటల్లో చాలావాటికి ఆ పద్ధతి ఉంది. కాబట్టి ఆట పేరు అడిగి తెలుసుకోండి, ఫోన్‌కి మీ కార్డు జతచేసి ఉంచకండి.

ఇక చూస్తూ కూర్చోవడం అంటారా, మీ బాబు పని పోరు మొదలవక ముందే అయిపోతుంది. ఈసారి వాడి పక్కన కూర్చుని, "ఇతన్ని వెనక ఎందుకు పెట్టావు?" అని అడగండి. వాడు చెప్పే జవాబు వింటే వాడెంత ఆలోచిస్తున్నాడో మీకే తెలుస్తుంది. ఎన్ని గంటలు ఆడాలన్నది మీ ఇంటి నిర్ణయం. పరీక్షల రోజుల్లో ఆపేయమనడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: నేను టీమ్‌ఫైట్ టాక్టిక్స్ (మనం జట్టు కట్టి నిలబెడితే పాత్రలు వాటంతటవే కొట్టుకునే ఆట) బాగా ఆడతాను. ఆ అనుభవం యూనికార్న్ ఓవర్‌లార్డ్‌లో పనికొస్తుందా? – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: సగం పనికొస్తుంది. ఎవరిని ముందు నిలబెట్టాలి, ఎవరి చుట్టూ జట్టు కట్టాలి అన్న చూపు మీకు ఇప్పటికే ఉంటుంది. కానీ అక్కడ ఒకే రకం వాళ్లని పోగేస్తే బోనస్ వస్తుంది, ఒకే పాత్ర మూడుసార్లు దొరికితే ఒక స్టార్ పెరుగుతుంది. ఇక్కడ అవేవీ లేవు. పైగా ఒకే సందర్భంలో పనిచేసే చాలా పాసివ్ స్కిల్స్ ఇద్దరి దగ్గర ఉంటే, ఒకరిదే పనిచేస్తుంది. ఒకే తరగతి వాళ్లని ఇద్దరిని పెట్టే ముందు ఆ సంగతి చూసుకోండి.

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ మావారూ కలిసి యూనికార్న్ ఓవర్‌లార్డ్ ఆడుతున్నాం. మా యూనిట్‌లోని వైద్యురాలు చిన్న గాయానికే స్కిల్ వాడేస్తోంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పాయింట్లు ఉండవు. ఎలా సరిచేయాలి?

జవాబు: ఇద్దరూ కలిసి ఆడటం బాగుంది, షరతులు రాసేటప్పుడు రెండో బుర్ర చాలా ఉపయోగం. మీరు బహుశా "తక్కువ హెచ్‌పీ ఉన్నవారికి ప్రాధాన్యం" అనే షరతు ఒక్కటే పెట్టి ఉంటారు (హెచ్‌పీ అంటే మిగిలిన ప్రాణశక్తి). అది ఎవరికి ముందు చేయాలో మాత్రమే చెబుతుంది, చేయొద్దని ఎప్పుడూ చెప్పదు. అందరూ దాదాపు క్షేమంగా ఉన్నా, వాళ్లలో కాస్త తక్కువగా ఉన్నవారికి చేసేస్తుంది.

ఒక్కో స్కిల్‌కి రెండు షరతులు పెట్టుకోవచ్చు. మొదటిదిగా "హెచ్‌పీ 50 శాతం కన్నా తక్కువ" పెట్టండి. అప్పుడు అంతగా దెబ్బతిన్నవాళ్లు లేకపోతే ఆమె ఆగుతుంది, పాయింట్ మిగులుతుంది. ప్రాధాన్యం షరతుని రెండోదిగా ఉంచండి.

ఇంకో సంగతి. ఒక పోరులో ఎవరు గెలిచారన్నది ఎవరి హెచ్‌పీ ఎంత శాతం పోయిందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఎదుటివాళ్లందరినీ పడగొట్టక్కర్లేదు. అందుకని కొన్ని పోరుల్లో 50 శాతం మరీ ఆలస్యం అవుతుంది, 75 పెడితేనే లాభం. ఢీకొనే ముందు ఫలితం ఎలా ఉండబోతోందో తెర మీద చూపిస్తుంది కదా, అక్కడే షరతు మార్చి చూడండి. అంకె అప్పటికప్పుడే మారుతుంది. మీరొక షరతు, మీవారు ఇంకో షరతు చెప్పి, ఏది మెరుగో అక్కడే తేల్చుకోవచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.