ఆరు వారాల అవసరానికి ఉద్యోగం వదులుకోవాలా?

ప్రశ్న: మాది విజయవాడ. అమ్మకు 66 ఏళ్లు. వచ్చే నెల ఒక మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్. ఆసుపత్రి ఖర్చుకు బీమా ఉంది. ఇంటికి వచ్చాక చూసుకోవడమే సమస్య. 24 గంటల ఆయాను రోజుకు 1,000 రూపాయల చొప్పున మూడు నెలలకు మాట్లాడుకోమని ఏజెన్సీ అంటోంది. అంత ఖర్చు దేనికి, నేనే ఉద్యోగం మానేస్తానంటోంది మా ఆవిడ. ఆమె జీతం 28,000. మార్చిలో గడువు తీరే 3 లక్షల ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: ముందుగా మీ ఆవిడను రాజీనామా రాయవద్దనండి. ఇలాంటి లెక్కల్లో కోడలి జీతాన్ని ఎందుకో ఎవరూ ఖర్చు కింద రాయరు. మూడు నెలలకు 84,000 పోతాయి, పైగా మళ్లీ ఉద్యోగం ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

ఏజెన్సీ చెప్పిన మూడు నెలలు కూడా అక్కర్లేదు. మోకాలి ఆపరేషన్ అయినవారిని మర్నాటికల్లా వాకర్‌తో నడిపిస్తారు. రాత్రిపూట బాత్రూమ్‌కు లేవడానికి మనిషి సాయం కావలసింది ముఖ్యంగా మొదటి రెండు వారాలు. ఆ 14 రోజులకు 24 గంటల ఆయాను, తర్వాత నాలుగు వారాలకు పగటి ఆయాను పెట్టుకోండి. పగటికి 700 అనుకుంటే 14,000, 19,600 కలిపి 33,600. ఏజెన్సీ లెక్కలో అయితే 90,000. వైద్యుడు ఇంకా అవసరమంటే వారం వారం పొడిగించుకోవచ్చు. అడ్వాన్స్ కట్టేముందు మధ్యలో మానిపిస్తే మిగిలిన రోజుల డబ్బు వెనక్కి ఇస్తారా, ఆయా రానిరోజు ఇంకొకరిని పంపుతారా అన్నది కాగితం మీద రాయించుకోండి. కుట్లకు కట్టు మార్చడం ఆయా పని కాదు, దానికి నర్సును పిలిపించుకుని ఆ పూటకే డబ్బివ్వండి.

ఫిజియోథెరపీలో మాత్రం పొదుపు చేయకండి. మోకాలు బిగుసుకుపోతే ఆపరేషన్‌కు పెట్టిందంతా దండగే. చాలా పాలసీలు డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు మందులు, పరీక్షలు, వైద్యుడు రాసిచ్చిన ఫిజియోథెరపీ ఖర్చు ఇస్తాయి. కొన్నింటిలో 90, 180 రోజులూ ఉంటుంది. ఆయా జీతం సాధారణంగా ఇందులోకి రాదు. ఇంటికొచ్చాక నగదు రహిత (క్యాష్‌లెస్) సదుపాయం ఉండదు, మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అందుకని ఫిజియోథెరపీ ఎన్నాళ్లు కావాలో డిశ్చార్జి సమ్మరీలోనే రాయించండి. ఫిజియోథెరపిస్టు ఇచ్చే బిల్లు మీద తేదీలు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తెల్లకాగితం మీద ‘ముట్టినది’ అని రాసిస్తే బీమా సంస్థ తిప్పి పంపుతుంది.

ఎఫ్‌డీని కదిలించకండి. మధ్యలో తీస్తే మొత్తం 3 లక్షల మీదా వడ్డీ తగ్గుతుంది. దాని మీదే బ్యాంకును ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినంత వాడుకునే అప్పు. ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది, అదీ వాడుకున్న మొత్తానికే. ఉదాహరణకు 60,000 మూడు నెలలు వాడుకుంటే 9 శాతం లెక్కన వడ్డీ 1,350. క్లెయిమ్ డబ్బు రాగానే అందులోనే జమ చేయండి.