థైరాయిడ్ కళ్లు: బరంపురంలో 26, విశాఖలో 19

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఏడాదిన్నరగా థైరాయిడ్ ఎక్కువగా ఉంది, మందు వాడుతున్నాను. కళ్లు ముందుకొచ్చి ఎర్రబడుతున్నాయి. కంటి ఒత్తిడి బరంపురంలో గాలి కొట్టే మిషన్‌తో చూస్తే 26, వారానికి విశాఖలో 19 వచ్చింది. మా అమ్మకు నీటికాసులు (గ్లకోమా). నాకూ అదేనా?
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, రెండు లెక్కలూ తప్పు కాకపోవచ్చు. మామూలు ఒత్తిడి 10 నుంచి 21 వరకు. గాలి మిషన్ తొలి వడపోతకే. ఆ అదురుకు కళ్లు బిగించినా, ఊపిరి బిగబట్టినా అంకె పెరుగుతుంది. విశాఖలో మొద్దుబారే చుక్క వేసి, పసుపు రంగు అద్ది, నీలి వెలుగులో కొలిచి ఉంటే అది గోల్డ్‌మన్ టోనోమీటర్. మేం నమ్మేది దాన్నే.

మీ కళ్లలో ఇంకో మెలిక ఉంది. థైరాయిడ్‌ను పెంచే గ్రేవ్స్ జబ్బులో కనుగుడ్డు వెనక కండరాలూ కొవ్వూ వాస్తాయి. అక్కడి రక్తనాళాలు నొక్కుకుపోయి, కంట్లోని నీరు బయటికి పోవడం మందగిస్తుంది. కింది కండరం బిర్రబిగిస్తే, పైకి చూసినప్పుడల్లా అది గుడ్డును నొక్కి ఒత్తిడి పెంచుతుంది. అందుకే ఈసారి మీకు సుఖంగా ఉన్న చూపులో ఒకసారి, పైకి చూస్తూ ఒకసారి కొలవమనండి.

ఎంత ఒత్తిడి ఉన్నా, చూపును మెదడుకు చేర్చే కంటి నరం దెబ్బతిందా అన్నదే అసలు సంగతి, నీటికాసులు దెబ్బతీసేది దాన్నే. కార్నియా (కంటి ముందు ఉండే పారదర్శక పొర) మందం, గోనియోస్కోపీ (కంట్లోని నీరు బయటికి పోయే మూలను చూసే పరీక్ష), నరానికి ఓసీటీ (పొరలను చూపే స్కాన్), విజువల్ ఫీల్డ్ (చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో చూసే పరీక్ష) చేయించండి. కార్నియా సగటున 540 మైక్రాన్లు ఉంటుంది. అంతకన్నా మందమైతే ఒత్తిడి ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. ఫీల్డ్ పరీక్ష తొలిసారి చాలామందికి సరిగా రాదు, రెండోసారి చేయించాకే మాట్లాడాలి. అన్నీ బాగున్నా, అమ్మకు ఉంది కనుక ఏటా చూపించుకోండి.

నాకు ఎక్కువ భయం వేసేది మందుల షాపు చుక్కలతో. ఎరుపు తగ్గుతుందని ఇస్తారు. సీసా తిప్పి చూడండి: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. కొందరికి కొన్ని వారాల్లోనే ఒత్తిడి పెరిగిపోతుంది. ఇంట్లో నీటికాసులు ఉన్నవాళ్లలో ఈ గుణం ఎక్కువ. నొప్పి రాదు, కాబట్టి తెలియదు. థైరాయిడ్ కంటివాపుకు డాక్టరే స్టెరాయిడ్ రాస్తే మాత్రం మీ అంతట మీరు మానకండి, ఒత్తిడి చూపించుకుంటూ వాడండి.

రోజూ ఒక కన్ను మూసి కుంకుమ భరిణె చూడండి, తర్వాత రెండోది. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టు కనిపించినా, చూపు మసకబారినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. వాచిన కండరాలు నరాన్ని నొక్కుతున్నాయేమో చూడాలి, అది గ్లకోమాకన్నా తొందరగా చూపు తీస్తుంది. చుట్ట, బీడీ, అడ్డపొగ (నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట తాగడం) ఏదైనా ఉంటే మానేయండి. ఈ జబ్బును పొగ బాగా ముదరబెడుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్, ఇన్సులిన్ వాడతారు. గ్లకోమాకు టిమోలాల్ చుక్కలు ఇచ్చారు. ఇబ్బందా?
- రాయగడ నుంచి

జవాబు: ఆస్తమా ఉంటే వద్దు, మార్పించండి. లేకపోయినా ఒకటి గుర్తుంచుకోండి: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందు కప్పేయవచ్చు. చెమట మాత్రం పడుతుంది, పట్టగానే గ్లూకోమీటర్‌తో చూడండి. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను 2 నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు రక్తంలోకి తక్కువ పోతుంది. ఇంకో చుక్కల మందు ఉంటే 5 నిమిషాలు ఆగి వేయండి.