పిల్లలతో యూరప్ వెళ్తూ సిటీలు లెక్కపెట్టుకోకండి

ఇద్దరు చిన్న పిల్లలతో పది రోజుల్లో లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విస్, రోమ్ ఐదూ చూసి రావచ్చా, ప్లాన్ ఎలా వేసుకోవాలి అని అడిగారు. రావచ్చండి, బస్సు కిటికీలోంచి. మేము మా బాబు, పాప, అత్తయ్యగారితో కలిసి వెళ్ళాం, పారిస్, రోమ్ రెండే. తిరిగొచ్చాక చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, అంత డబ్బు పెట్టి వెళ్ళి స్విట్జర్లాండ్ చూడకుండా ఎలా వచ్చారు అని. అడిగిన వాళ్ళలో సగం మంది ప్యాకేజీలో వెళ్ళొచ్చినవాళ్ళే, ఏ ఊళ్ళో ఏం చూశారంటే ఫోన్ తీసి ఫోటోలు వెతుక్కుంటారు.

ముందు మీ లిస్టులోంచి లండన్ తీసేయండి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, బ్రిటన్‌కి వేరే వీసా, వేరే ఫీజు, మళ్ళీ వేరే వేలిముద్రలు. షెంగెన్ అయితే పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళు నిండి పన్నెండు లోపు పిల్లలకి 45, ఆరు లోపు వాళ్ళకి ఫీజే లేదు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే అప్లై చెయ్యాలి, పలానా దేశం వీసా అపాయింట్‌మెంట్ స్లాట్ తొందరగా దొరికింది కదా అని అక్కడ వేసేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, వాళ్ళ వల్లే మనలాంటి వాళ్ళకి కూడా నూటెనిమిది ప్రశ్నలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. మన స్కూళ్ళ సెలవులన్నీ మేలోనే కాబట్టి ఏప్రిల్ దాకా కూర్చుంటే స్లాట్లు ఉండవు, జనవరి ఫిబ్రవరిలోనే పని కానిచ్చేయండి. ఫ్లైట్ కూడా దిగేది పారిస్, తిరిగి ఎక్కేది రోమ్ అన్నట్టు తీసుకోండి, వెనక్కి రావడానికి ఒక రోజు తగలెయ్యక్కర్లేదు. మూడో ఊరు కావాల్సిందే అంటే ఆమ్‌స్టర్‌డామ్ కలుపుకోండి, పారిస్ నుంచి రైల్లో మూడున్నర గంటల్లోపే.

ఇక రోజుకి టికెట్ కొని చూసేది ఒక్కటే పెట్టుకోండి, అదీ పొద్దున్నే. పదేళ్ళ లోపు పిల్లలు ఏ మ్యూజియంలోనైనా గంటన్నర మించి ఉండరు, ఉంటారని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్తున్నట్టే. పారిస్‌లో మోనాలిసా ఉన్న లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్ళ లోపు వాళ్ళకి ఫ్రీ, మంగళవారం సెలవు, టైమ్ స్లాట్ మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. మోనాలిసా బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, దాని ముందు జనం తిరుపతి క్యూలా ఉంటారు, మా పాపకి కనిపించింది ముందున్నవాళ్ళ బ్యాగులే. అక్కణ్ణుంచి లక్సెంబర్గ్ గార్డెన్‌కి తీసుకెళ్తే, ఆ కొలనులో చెక్క పడవలు అద్దెకిస్తారు, కర్రతో తోస్తే గాలికి అవతలి ఒడ్డుకి పోతాయి, వీళ్ళు అటు పరిగెత్తి మళ్ళీ ఇటు తొయ్యడం, సాయంత్రం దాకా అదే పని. ఈఫిల్ టవర్ లిఫ్ట్ టికెట్లు ఆన్‌లైన్‌లో 60 రోజుల ముందు వదులుతారు, దొరకకపోతే రెండో అంతస్తు దాకా 674 మెట్లు, మావారూ బాబూ ఎక్కేశారు, నేను కింద అత్తయ్యగారితో బెంచీ మీద హాయిగా కూర్చున్నా. పారిస్ మెట్రోలో స్ట్రోలర్ సంగతి మాత్రం అడక్కండి, చాలా స్టేషన్లలో లిఫ్టే లేదు, అంత పేరున్న ఊళ్ళో! బస్సులే నయం.

రోమ్‌లో కొలోసియం చూసి, పక్కనే పాత శిథిలాలుండే ఫోరం మీదుగా బయటికొచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది, కింద అంతా నల్ల రాళ్ళు పరిచిన రోడ్లు, స్ట్రోలర్ చక్రాలు గడగడా కొట్టుకుంటున్నాయి, పాప ఎత్తుకోమని ఏడుపు, బాబు ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యనని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రోడ్డు పక్కన ఇనుప పంపు ఒకటుంది, ముక్కులాంటి గొట్టంలోంచి నీళ్ళు ఆగకుండా కారుతూనే ఉంటాయి. వాటిని నసోనే అంటారు, 1874 నుంచి పెడుతూ వచ్చారట, ఊరంతా కలిపి రెండు వేల పైనే ఉన్నాయి, తాగే నీళ్ళే, ఫ్రీ. నేను సీసా పట్టబోతే అత్తయ్యగారు "వీధి పంపు నీళ్ళు పిల్లలకి పట్టిస్తావా అమ్మాయ్, జ్వరం వస్తే ఈ దేశంలో ఎవరు దిక్కు" అని చెయ్యి పట్టుకున్నారు. ఇంతలో అక్కడి ముసలాయన ఒకాయన వచ్చి, మాతో ఒక్క ముక్క మాట్లాడకుండా, గొట్టం చివర వేలితో మూశాడు. గొట్టం పైన చిన్న బెజ్జం ఉంది, దాంట్లోంచి నీళ్ళు వంపు తిరిగి పైకి లేచాయి, వంగి నాలుగు గుక్కలు తాగి, మీసాలు తుడుచుకుని పోయాడు. అంతే, గోడ దగ్గర కూర్చున్నవాడు ఒక్క ఉదుటున లేచాడు. వాడు వేలు సగం మూస్తే నీళ్ళు ఎదురుగా వస్తున్నావిడ చెప్పుల మీద పడ్డాయి, పాప మూస్తే దాని మొహం మీదే కొట్టాయి, చివరికి అత్తయ్యగారు "ఇలా తప్పుకోండర్రా, ఏదీ" అని కొంగు దోపి వంగి ఆవిడే తాగారు. చల్లగా ఉన్నాయి అని తన సీసా కూడా నింపించారు. అక్కణ్ణుంచి ట్రెవి ఫౌంటెన్ దాకా ఎవరూ ఎత్తుకోమనలేదు, ఇంకో పంపు ఎక్కడుందా అని వాళ్ళే ముందు నడిచారు.

తిండి దగ్గరికొస్తే, అక్కడ చాలా హోటళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటిల్లు మూసేసి మళ్ళీ ఏడుకో ఏడున్నరకో తీస్తారు. మన పిల్లలకి ఆరింటికే ఆకలి. మే నెలాఖర్లో పారిస్‌లో తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే, ఇంకా పొద్దు పోలేదుగా అని పడుకోరు, ఆకలి ఒకపక్క, ఈ గోల ఒకపక్క. అందుకే హోటల్ రూమ్ కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, రైస్ కుక్కర్ పట్టుకెళ్ళండి. యూరప్‌కి కుక్కర్ మోసుకెళ్తారా అని నవ్వేవాళ్ళు నవ్వనీ, వాళ్ళే నాలుగో రోజుకి పెరుగన్నం కోసం ఊరంతా వెతుకుతారు. కందిపొడి, ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో వేసుకోండి. నెయ్యి, పాలకోవా వద్దు, బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసం తీసుకురావడం యూరప్‌లో నిషేధం. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు, మా అత్తయ్యగారు చీర మడతల్లో పెట్టిన రెమ్మల్ని ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు నేనే తీసేయించా, ఆ కోపం దారిలో దోహా దాకా ఉంది.

అన్నట్టు కుక్కర్‌కి అడాప్టర్ మర్చిపోకండి. వోల్టేజి మనదే, 230, ఫోన్ ఛార్జర్ రెండు పుల్లల పిన్ అక్కడ దూరుతుంది కానీ కుక్కర్ మూడు పుల్లల పిన్ దూరదు. చవక రకం వద్దు, కుక్కర్ వాట్లు మోసేదే చూసి ఇక్కడే కొనుక్కోండి.