దేశాలు ఏకమైతే మనుషులు ఏమవుతారు? కెమ్నిట్స్‌లో నేను చూసింది

"జాతీయ ఏకీకరణ ఉద్యమాలు దేశాలనూ ప్రజలనూ ఎలా మారుస్తాయి?" అని అడిగారు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీని ఏకం చేసిన బిస్మార్క్ గురించీ, ఇటలీ ఏకీకరణకు పోరాడిన గారిబాల్డీ గురించీ చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నాకు దగ్గరగా తెలిసింది 1990 నాటి జర్మనీ ఏకీకరణ ఒక్కటే. అది కూడా ఒక ఐదో అంతస్తు ఫ్లాట్ వంటింట్లో కూర్చుని తెలుసుకున్నాను.

2016లో ఎమ్మెస్ చదవడానికి కెమ్నిట్స్ వెళ్ళాను. 1990 దాకా వేరే దేశంగా ఉన్న తూర్పు జర్మనీలోని ఊరు. 1953 నుంచి 1990 దాకా దాని పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. 1990లో జనం ఓటేసి పాత పేరు తిరిగి తెచ్చుకున్నారు. మార్క్స్ విగ్రహాన్ని మాత్రం పీకలేదు. విగ్రహం అంటే ఉట్టి తలకాయే, ఏడు మీటర్ల ఎత్తు. ఊళ్ళోవాళ్ళు దాన్ని వాళ్ళ యాసలో 'నిషెల్' అంటారు, అంటే బుర్ర.

హాస్టల్ దొరక్క ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. కాంక్రీటు పలకలు పేర్చి కట్టిన పాత అపార్ట్‌మెంట్, లిఫ్ట్ లేదు. ఓనరమ్మకు అప్పుడు 64 ఏళ్ళు. వాళ్ళకు స్కూల్లో నేర్పింది రష్యన్, ఇంగ్లిష్ ముక్క రాదు. నా జర్మన్ అంతంతమాత్రం. ఆవిడ సాక్సన్ యాసకూ నేను క్లాసులో నేర్చుకున్నదానికీ పొంతనే లేదు. మొదటి నెలంతా సైగలతోనే గడిచింది.

మరుసటి ఏడు అక్టోబరు 3. ఏకీకరణ దినం, దేశమంతా సెలవు. మన ఆగస్టు పదిహేను లాంటిదే కదా అనుకుని, అమ్మ పంపిన సున్నుండలు ప్లేట్లో పెట్టుకెళ్ళి శుభాకాంక్షలు చెప్పాను. ఆవిడ ఒకటి తీసుకుని సగం కొరికి, బాగుందని తలూపింది. పండగ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. కాఫీ పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

అందులో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు, మంచి పనికి ఇచ్చిన పతకం, ఒక బ్యాంకు పాస్‌బుక్కు ఉన్నాయి. పాస్‌బుక్కు తెరిచి ఒక లైను మీద వేలు పెట్టింది. పదివేల మార్కులు, మార్కంటే అప్పటి జర్మనీ కరెన్సీ. వేలు కింది లైనుకు జరిపింది. ఏడువేలు. 1990 జూలై నాటి ఎంట్రీ. ఆ నెల ఒకటో తేదీన తూర్పు మార్కు పోయి పశ్చిమ మార్కు వచ్చింది. ఆవిడ వయసువాళ్ళకు నాలుగువేల దాకా ఒకటికి ఒకటి ఇచ్చారు, ఆ పైన రెండుకు ఒకటి. అలా ఆరువేలు మూడువేలయ్యాయి. అది కారు కోసం దాచిన డబ్బు. ట్రాబంట్ కారుకు 1980లో పేరు రాయించుకుంటే పదేళ్ళకు కూడా వంతు రాలేదట. బెర్లిన్ గోడ కూలాక ఆ కారు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. పశ్చిమం నుంచి వచ్చిన ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు, అది రెండేళ్ళకే మూలపడింది.

నిజానికి ఆ మారకం రేటు ఉదారంగా ఇచ్చిందే, బయట బజార్లో తూర్పు మార్కుకు అంత విలువ లేదు. ఆవిడ కూడా డబ్బు గురించి బాధపడలేదు. అసలు దెబ్బ జీతాలకు కూడా ఒకటికి ఒకటి పెట్టడం వల్ల తగిలింది. ఆవిడ పనిచేసిన ఫ్యాక్టరీ నూలు వడికే మిషన్లు చేసి సోవియట్ యూనియన్‌కూ చుట్టుపక్కల దేశాలకూ అమ్మేది. రాత్రికి రాత్రి జీతాలు గట్టి కరెన్సీలో ఇవ్వాల్సి వచ్చింది, కొనేవాళ్ళ దగ్గర ఆ కరెన్సీ లేదు. ఒక్క ఫ్యాక్టరీ కథ కాదిది. తూర్పున ఉన్న ప్రభుత్వ కంపెనీలన్నిటినీ, ఎనిమిదివేలకు పైనే, ట్రాయ్‌హాండ్ అనే ఒక సంస్థ చేతిలో పెట్టారు. వాటిలో పనిచేసేవాళ్ళు దాదాపు 40 లక్షలు. 1994 ఆఖరుకల్లా అమ్మినవి అమ్మి, మూసినవి మూసి దుకాణం కట్టేశారు. ఆవిడ ఉద్యోగం 1991లోనే పోయింది. 39 ఏళ్ళ వయసులో కొత్త పని నేర్చుకోమన్నారు. నేర్చుకుంది, ఆ పనీ దొరకలేదు. చివరికి సూపర్ మార్కెట్ క్యాష్ కౌంటర్లో కూర్చుంది. భర్త పశ్చిమాన ఉన్న బవేరియాలో పనికెళ్ళి శుక్రవారం రాత్రులు ఇంటికొచ్చేవాడు. కొడుకు చదువై వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

"ఆ పాత రోజులే నయమంటారా?" అని అడిగాను. గట్టిగా తల అడ్డంగా ఊపింది. 1990 మార్చి ఎన్నికల్లో ఏకీకరణ కావాలన్న కూటమికే తను ఓటేశానని చెప్పింది. ఆ ఎన్నికల్లో 93 శాతానికి పైగా ఓటేశారు. ఎవరూ బలవంతాన కలపలేదు.

నా అభిప్రాయం ఇక్కడే ఉంది. ఏకీకరణ జరిగిందా లేదా అన్నదానికంటే ఎవరి రూల్స్ మిగిలాయన్నది ముఖ్యం. పశ్చిమ జర్మనీ రాజ్యాంగంలో రెండు దారులుండేవి. 146వ అధికరణం ప్రకారం ఇద్దరూ కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకోవచ్చు. 23వ అధికరణం ప్రకారం తూర్పు వచ్చి ఉన్నదాంట్లో చేరిపోవచ్చు. త్వరగా అయిపోతుందని రెండోది పట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికం. అల్లుడి పద్ధతులన్నీ మారాయి, మామగారింట్లో ఒక్క కుర్చీ జరగలేదు. పశ్చిమం వాళ్ళకు మారింది 1993లో వచ్చిన ఐదంకెల పిన్‌కోడ్ ఒక్కటేనని అక్కడ అందరూ అనే మాట. తూర్పు నుంచి తీసుకున్నది ఏదైనా ఉందా అంటే, ఎర్రలైటు దగ్గర ఆగి చూసుకుని కుడికి తిరగొచ్చని చెప్పే ఆకుపచ్చ బాణం బోర్డును చూపిస్తారు.

తర్వాత నాకు పశ్చిమాన ఉద్యోగం వచ్చింది. అక్కడ ఒక సహోద్యోగి "తూర్పు వాళ్ళని మేమే మా పన్నులతో పోషిస్తున్నాం" అనేవాడు. అది వింటే ఒళ్ళు మండుతుంది. ఏకీకరణ ఖర్చులకని, సాలిడారిటీ టాక్స్ పేరుతో ఆదాయపు పన్ను మీద 5.5 శాతం అదనంగా కోసేవారు, నా పేస్లిప్‌లో కూడా 2020 దాకా కోశారు. ఆ పన్ను తూర్పువాళ్ళూ కట్టారు. మా ఓనరమ్మ క్యాష్ కౌంటర్ జీతంలో కూడా కొంతకాలం కోశారు. ఇన్నేళ్ళయినా ఈ సంగతి తెలియనివాళ్ళు పశ్చిమాన చాలామంది ఉన్నారు.

నాకిది ఇంత పట్టింపు ఎందుకంటే, మా నాన్నది ఖమ్మం, అమ్మది విజయవాడ. ఒకే భాషవాళ్ళం కాబట్టి కలిసిపోతాం అన్న మాట 1956లో ఏమైందో, 2014 దాకా ఎలా నడిచిందో మా ఇంట్లో భోజనాల దగ్గర వింటూ పెరిగాను. మన దగ్గర కూడా పెద్దమనుషుల ఒప్పందమని కాగితం రాసుకున్నారు. దాన్ని సరిగ్గా అమలు చెయ్యకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. భాష ఒకటైతే చాలు అనేవాళ్ళను నేను నమ్మను.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. తూర్పు జర్మనీ ఫ్యాక్టరీల్లో వియత్నాం నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన కార్మికులు 1989లో 60 వేల దాకా ఉండేవారు, మొజాంబిక్ వాళ్ళు వేరే. ఫ్యాక్టరీలు మూతపడితే ముందు వీధిన పడింది వాళ్ళే. 1991లో హోయెర్స్‌వెర్డా అనే తూర్పు ఊళ్ళో వాళ్ళ హాస్టల్ మీద రాళ్ళేశారు. 1989లో లైప్‌జిగ్ వీధుల్లో జనం "ప్రజలం మేమే" అని అరిచి ప్రభుత్వాన్ని వణికించారు. కొన్ని వారాల్లో ఆ నినాదం "మనమంతా ఒకే ప్రజ" అయింది. ఆ 'మనం'లో ఈ కార్మికులను ఎవరూ లెక్కపెట్టలేదు.

2018 ఆగస్టులో కెమ్నిట్స్‌లో కత్తిపోట్లకు ఒకతను చనిపోతే, విదేశీయులకు వ్యతిరేకంగా వేలమంది వీధుల్లోకి వచ్చారు. 27వ తేదీ సోమవారం సాయంత్రం మార్క్స్ తలకాయ దగ్గర చేరారు. అమ్మ టెన్షన్‌తో గంటకోసారి ఫోన్ చేస్తోంది. నేను పాల కోసమని చెప్పులేసుకుంటుంటే గాలివాటుకు నినాదం వినిపించింది. "వీర్ జిండ్ దాస్ ఫోల్క్." ప్రజలం మేమే. 1989లో మా ఓనరమ్మ కూడా అరిచిన మాటే. ఆవిడ కాసేపు విని, కిటికీ మూసేసి, నా చేతిలోంచి సంచి లాక్కుంది.

"నువ్వు వెళ్ళొద్దు. పాలు నేను తెస్తాను" అని ఐదంతస్తులూ మెల్లగా దిగి వెళ్ళింది.